కరెంటు న్యూట్రల్ తీగలో తిరిగి వెళ్లిపోతుంటే మనం బిల్లు దేనికి కడుతున్నట్లు?

ప్రశ్న
రాసినవారు: హైస్కూలు సైన్సు టీచరు

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో పదో తరగతికి భౌతికశాస్త్రం బోధిస్తాను. బ్యాటరీతో వెలిగే చిన్న బల్బుకు అటొక అమ్మీటరు, ఇటొక అమ్మీటరు శ్రేణిలో కలిపితే రెండూ ఒకే విలువ చూపుతాయని ఈ మధ్య తరగతిలో ప్రయోగం చేసి చూపించాను. దాని మీద ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఒక్క మాటతో తేలేది కాదనిపించి ఇక్కడ పెడుతున్నాను.

"బల్బులోకి ఎంత కరెంటు వెళ్లిందో అంతే బయటకు వస్తోంది కదా టీచర్, మరి ఇంట్లో కూడా ఫేజులో వచ్చినదంతా న్యూట్రల్‌లో తిరిగి వెళ్లిపోతుంటే మనం వాడుకున్నది ఏమిటి, బిల్లు దేనికి?" అని ఆ అమ్మాయి అడిగింది. ఖర్చయ్యేది విద్యుదావేశం కాదు, శక్తి అని చెప్పాను. వెంటనే మరో ఇద్దరు అందుకున్నారు. రాగి తీగలో ఎలక్ట్రాన్ల అపసర వేగం (తీగ వెంట అవి జరిగే సగటు వేగం) సెకనుకు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదని మనమే వాళ్లచేత లెక్క కట్టిస్తాం. మరి స్విచ్చి వేయగానే బల్బు ఎలా వెలుగుతుంది? ఇంటికి వచ్చేది ఏకాంతర ప్రవాహం (ఏసీ కరెంటు), అంటే ఎలక్ట్రాన్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంటాయే తప్ప ఎక్కడికీ పోవు. అలాంటప్పుడు పవర్‌హౌస్ నుంచి మన ఇంటిదాకా వచ్చినది ఏమిటి? మనం ఇక్కడ ఇస్త్రీ పెట్టె పెట్టామన్న సంగతి అక్కడి యంత్రానికి ఎలా తెలుస్తుంది?

విద్యుత్తు ఒక అధ్యాయం, విద్యుదయస్కాంతత్వం మరొక అధ్యాయం అని విడివిడిగా చెప్పుకుంటూ పోవడం వల్ల ఇలాంటి ప్రశ్నలు రెండింటి మధ్యలో పడిపోతున్నాయని నాకు అనిపిస్తోంది. కలన గణితం జోలికి పోకుండా ఈ రెండు అధ్యాయాలనూ కలిపి వివరించగలిగినవారు దయచేసి రాయండి.


సమాధానం 1
రాసినవారు: విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు

టీచరు గారికి నమస్కారం. మీరు చెప్పిన సమాధానం సరైనదే. అయితే 'శక్తి' అన్న మాట దగ్గరే ఆగిపోతే పిల్లలకు అది మరో పేరుగా మాత్రమే మిగులుతుంది. ఒక్కో కూలుంబుకు ఎంత శక్తి అన్న లెక్కను చేతికిస్తే వాళ్లకు పట్టు దొరుకుతుంది.

వాళ్ల ఇళ్లలో ఉండే 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెనే తీసుకోండి. 230 వోల్టుల మీద అది 4.35 ఆంపియర్ల ప్రవాహాన్ని తీసుకుంటుంది, అంటే సెకనుకు 4.35 కూలుంబుల ఆవేశం దానిలో ఒక చివర ప్రవేశించి, రెండో చివర అంతే ఆవేశం బయటకు వెళ్తుంది. ఒక కూలుంబు అంటే సుమారు 6.24 × 10¹⁸ ఎలక్ట్రాన్ల ఆవేశం; వాటిలో ఒక్కటి కూడా మాయం కాదు. మారేది ఆ ఆవేశానికి ఉన్న విద్యుత్ స్థితిజ శక్తి. ఒక వోల్టు పొటెన్షియల్ భేదం అంటే ఒక కూలుంబు ఆవేశం ఆ రెండు బిందువుల మధ్య కదిలినప్పుడు ఒక జౌలు శక్తి చేతులు మారుతుందని అర్థం. ఆ ప్రకారం ఒక్కో కూలుంబు ఇస్త్రీ పెట్టెలోని నిక్రోమ్ చుట్టలో 230 జౌళ్లు వదిలిపెట్టి పోతుంది. 4.35ను 230తో గుణిస్తే సెకనుకు దాదాపు 1000 జౌళ్లు, అంటే పెట్టె మీద ముద్రించిన 1000 వాట్లే. న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలుపుతారు కాబట్టి దాని పొటెన్షియల్ భూమి పొటెన్షియల్‌కు దగ్గరగా ఉంటుంది. అందువల్ల ఆ తీగలో ప్రవాహం ఫేజులో ఉన్నంతే ఉన్నా, భూమితో పోలిస్తే దానిలో చెప్పుకోదగ్గ వోల్టేజీ ఉండదు.

ఇక్కడ తెలివైన పిల్లలు మరొకటి అడుగుతారు. ఏకాంతర ప్రవాహం సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తూ దిశ మార్చుకుంటుంటే, ముందుకు వచ్చినప్పుడు ఇచ్చిన శక్తిని వెనక్కి వెళ్లేటప్పుడు తీసుకుపోదా అని. తీసుకుపోదు. ఇస్త్రీ పెట్టె వంటి నిరోధకంలో ప్రవాహం దిశ మారిన క్షణానే వోల్టేజీ గుర్తు కూడా మారుతుంది. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనమే వస్తుంది కాబట్టి రెండు అర్ధావర్తనాల్లోనూ శక్తి సరఫరా వైపు నుంచి పెట్టె వైపే పోతుంది.

బిల్లులో కనిపించే ఒక యూనిట్ అంటే 1000 వాట్లను 3600 సెకన్లతో గుణించగా వచ్చే 36 లక్షల జౌళ్లు. మనం కొనేది ఆ జౌళ్లను. ఎలక్ట్రాన్ల మాటకొస్తే, మన ఇంటి తీగల్లో ఊగుతున్నవి ఆ రాగితో పాటే కొట్లో కొనుక్కువచ్చినవి. విద్యుత్ సంస్థ వాటిని మనకు అమ్మలేదు.

ఇక వేగం సంగతి. ఒక చదరపు మిల్లీమీటరు మధ్యచ్ఛేదం గల రాగి తీగలో ఒక ఆంపియరు ప్రవహిస్తున్నదనుకుందాం. రాగిలో ఘనపు మీటరుకు దాదాపు 8.5 × 10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉంటాయి కాబట్టి అపసర వేగం సెకనుకు సుమారు 0.07 మిల్లీమీటరు అవుతుంది. బ్యాటరీ నుంచి బయలుదేరిన ఎలక్ట్రాన్ మీటరు దూరంలోని బల్బును చేరడానికి ఈ వేగంతో దాదాపు నాలుగు గంటలు పట్టాలి. బల్బు దాని కోసం ఎదురుచూడదు, ఎందుకంటే ఫిలమెంటు నిండా ముందే ఎలక్ట్రాన్లు ఉన్నాయి. సైకిలు తొక్కేవాడు పెడల్ నొక్కగానే వెనక చక్రం తిరుగుతుంది కదా. పెడల్ దగ్గరున్న చైన్ లింకు వెనక చక్రం దాకా చేరే వరకు ఆగనక్కరలేదు, చైన్ మొత్తం ఒకేసారి కదులుతుంది, పైగా చైన్ అరిగి తరిగిపోకుండానే కాలి శక్తి చక్రానికి చేరుతుంది. తీగలో చైన్ బిగువు చేసే పనిని విద్యుత్ క్షేత్రం చేస్తుంది. స్విచ్చి మూయగానే తీగ పొడవునా ఆ క్షేత్రం కాంతి వేగానికి దగ్గరి వేగంతో ఏర్పడి, ఎక్కడి ఎలక్ట్రాన్‌ను అక్కడే కదిలిస్తుంది.

ఇదే తీగలో ఒక ఆంపియరు ఏకాంతర ప్రవాహం ఉంటే, ఎలక్ట్రాన్ల గుంపు తన స్థానం నుంచి అటూ ఇటూ ఊగే దూరం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఊగినంత మాత్రాన పని జరగదా అంటే, రంపం కూడా ముందుకూ వెనక్కూ కదులుతూనే కట్టెను కోస్తుంది అని పూర్వం మా గురువుగారు అనేవారు. కానీ ఒక పాఠానికి ఒక పోలిక చాలు కాబట్టి నేను చైన్ దగ్గరే ఆగుతాను.


సమాధానం 2
రాసినవారు: లైసెన్సు గల ఎలక్ట్రీషియన్

అధ్యాపకుల వారు లెక్కతో చెప్పినదాన్ని మా పనిలో రోజూ కంటితో చూస్తాం. మా దగ్గర టాంగ్ టెస్టర్ అనే పరికరం ఉంటుంది. పటకారు నోరులా తెరుచుకునే దాని దవడల మధ్య తీగను పెట్టి మూస్తే, తీగను కోయకుండా, ఒలవకుండా, దానిలో ఎంత ప్రవాహం ఉందో అది చూపిస్తుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె పనిచేస్తున్నప్పుడు ఫేజు తీగను మాత్రమే దవడల మధ్య పెడితే 4.3 ఆంపియర్ల చుట్టూ చూపిస్తుంది. న్యూట్రల్‌ను మాత్రమే పెట్టినా అంతే. రెండు తీగలనూ కలిపి పెడితే సున్నా చూపిస్తుంది. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లు ఇస్త్రీ పెట్టె వైరును మొత్తంగా దవడల్లో పెట్టి, సున్నా చూసి, పరికరం చెడిపోయిందనుకుంటారు.

దీనికి కారణం అయస్కాంతత్వంలో ఉంది. ప్రవాహం ఉన్న తీగ పక్కన దిక్సూచి ముల్లు పక్కకు తిరుగుతుందని డెన్మార్క్ శాస్త్రవేత్త అయిర్‌స్టెడ్ 1820లో గమనించాడు. తీగ చుట్టూ వలయాకారంలో అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. టాంగ్ టెస్టర్ దవడలు ఇనుప వలయం. ఏకాంతర ప్రవాహం వల్ల ఆ వలయంలో క్షేత్రం క్షణక్షణం మారుతుంటుంది, మారే క్షేత్రం దవడల మీద చుట్టిన సన్నని తీగచుట్టలో ప్రవాహాన్ని ప్రేరేపిస్తుంది, దాన్నే మీటరు కొలుస్తుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే వలయం గుండా పోయినప్పుడు ఎదురెదురు దిశల్లోని సమాన ప్రవాహాల క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఏ మాత్రం ప్రవాహం ఇస్త్రీ పెట్టెలో ఖర్చయిపోయినా ఆ తేడా మేరకు ముల్లు కదలాలి. కదలదు.

ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చి సరిగ్గా ఈ సున్నా మీదే ఆధారపడి పనిచేస్తుంది. దాని లోపల ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే అయస్కాంత వలయం గుండా పోతాయి. ఎవరైనా పొరపాటున ఫేజు తగిలితే కొంత ప్రవాహం శరీరం గుండా భూమిలోకి పోతుంది, న్యూట్రల్‌లో తిరిగి వచ్చేది ఆ మేరకు తగ్గుతుంది, వలయంలో క్షేత్రం ఇక రద్దు కాదు. ఇళ్లకు వాడేవాటిలో ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే స్విచ్చి పడిపోయేలా అమరుస్తారు. ఒక సంగతి పిల్లలకు తప్పక చెప్పండి: నేలకు తగలకుండా నిలబడిన మనిషి ఒక చేత్తో ఫేజును, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకుంటే వెళ్లిన ప్రవాహమంతా తిరిగి వస్తుంది కాబట్టి ఈ స్విచ్చి అతన్ని కాపాడలేదు.

ఇంటి కరెంటుతో తరగతిలో ఏ ప్రయోగమూ చేయవద్దు. దానికి బదులు ఒకటిన్నర వోల్టు సెల్లు, ఇన్సులేషన్ ఉన్న తీగ, ఒక దిక్సూచి చాలు. తీగను ఉత్తర దక్షిణ దిశలో దిక్సూచి మీదుగా పోనిచ్చి, ఒక్క క్షణం సెల్లుకు తాకిస్తే ముల్లు పక్కకు కదులుతుంది. తర్వాత అదే తీగను వెనక్కి మడిచి, వెళ్లే తీగా వచ్చే తీగా ఒకదానికొకటి ఆనుకుని దిక్సూచి మీదుగా పోయేలా పెట్టి మళ్లీ తాకించండి. ముల్లు దాదాపు కదలదు. తాకించి ఎక్కువసేపు ఉంచితే సెల్లు, తీగ రెండూ వేడెక్కుతాయి, జాగ్రత్త.


ప్రశ్నించినవారి స్పందన
హైస్కూలు సైన్సు టీచరు

ఇద్దరికీ ధన్యవాదాలు. తీగను మడిచి చేసే ప్రయోగం ఎంతో బాగుంది, రేపే చేయిస్తాను. ఇంకా రెండు మిగిలాయి. పవర్‌హౌస్‌కు మన వాడకం ఎలా తెలుస్తుంది అన్నది ఒకటి. వెళ్లినదీ వచ్చినదీ సమానమైతే మీటరు దేన్ని లెక్కపెడుతుంది అన్నది రెండోది.


సమాధానం 3
రాసినవారు: విద్యుదుత్పత్తి కేంద్రంలో పనిచేసిన ఇంజనీరు

ముందుగా పవర్‌హౌస్ నుంచి ఎలక్ట్రాన్లు వస్తాయన్న ఊహను పూర్తిగా తీసేయడానికి మరో బలమైన కారణం చెబుతాను. పవర్‌హౌస్‌కూ మన ఇంటికీ మధ్య కనీసం మూడు నాలుగు ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రైమరీ చుట్టకూ సెకండరీ చుట్టకూ మధ్య విద్యుత్ సంబంధం ఏదీ ఉండదు; ఒక చుట్టలోని ఎలక్ట్రాన్ రెండో చుట్టలోకి వెళ్లే దారే లేదు. రెండింటినీ కలిపేది ఇనుప కోరులోని మారే అయస్కాంత అభివాహం, అంటే కోరు గుండా పోయే అయస్కాంత క్షేత్రం మొత్తం, ఒక్కటే. మన వీధి చివర స్తంభాల మీద ఉండే ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులను 433 వోల్టులకు తగ్గిస్తుంది, అక్కడి నుంచి ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య మనకు 230 చుట్టూ అందుతుంది. ఆ 11 వేల వోల్టుల వైపు ఎలక్ట్రాన్లు వాళ్ల తీగలోనే, మన ఎలక్ట్రాన్లు మన తీగలోనే ఉంటాయి. దాటి వచ్చేది శక్తి మాత్రమే, అదీ అయస్కాంత క్షేత్రం మీదుగా.

మైకేల్ ఫారడే 1831 ఆగస్టు 29న లండన్‌లో చేసిన ప్రయోగం ఇదే. ఇనుప వలయానికి రెండు వైపులా రెండు వేర్వేరు చుట్టలు చుట్టి, ఒకదానికి బ్యాటరీ కలిపినప్పుడు, తీసినప్పుడు మాత్రమే రెండోదానికి కలిపిన ముల్లు కదలడం ఆయన చూశాడు. ప్రవాహం నిలకడగా ఉన్నంతసేపూ ముల్లు కదలలేదు. అభివాహం ఉండటం కాదు, మారటం ముఖ్యం. పాఠంలో ఈ వాక్యం కింద గీత గీయించండి. ట్రాన్స్‌ఫార్మర్ నేరుగా బ్యాటరీ మీద ఎందుకు పనిచేయదో, లోకమంతా ఏకాంతర ప్రవాహం వైపు ఎందుకు మొగ్గిందో దీనితోనే తెలుస్తుంది. వోల్టేజీని పది రెట్లు పెంచితే అదే సామర్థ్యానికి ప్రవాహం పదో వంతు సరిపోతుంది, తీగల్లో వేడిగా పోయే నష్టం ప్రవాహ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కాబట్టి నూరో వంతుకు పడిపోతుంది. 400 కిలోవోల్టుల లైన్లు అందుకే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. పవర్‌హౌస్‌కు 'తెలియడం' అంటే అక్కడి యంత్రం బరువెక్కడం. పాత సైకిళ్లకు ఉండే డైనమో చూసినవారికి ఇది అనుభవమే: డైనమోను టైరుకు ఆనించి, దీపం వెలుగుతుండగా తొక్కితే కాళ్లకు బరువు తెలుస్తుంది, దీపం తీగ ఊడదీసి తొక్కితే అంత బరువు ఉండదు. రెండు సందర్భాల్లోనూ డైనమో లోపల అయస్కాంతం తిరుగుతూనే ఉంది, చుట్టలో విద్యుచ్చాలక బలం, అంటే ప్రవాహాన్ని నడిపే వోల్టేజీ, పుడుతూనే ఉంది. తేడా ఏమిటంటే మొదటిసారి వలయం పూర్తయి ప్రవాహం ఉంది. ఆ ప్రేరిత ప్రవాహం తనకు కారణమైన మార్పును వ్యతిరేకించే దిశలో ఉంటుందని లెంజ్ అనే శాస్త్రవేత్త 1834లో చెప్పాడు. చుట్టలోని ప్రవాహానికి తనదైన అయస్కాంత క్షేత్రం ఉంటుంది, అది తిరిగే అయస్కాంతాన్ని వెనక్కి లాగుతుంది, ఆ లాగుడుకు ఎదురుగా తొక్కే కాలు చేసే పనే దీపంలో వెలుగుగా, వేడిగా బయటపడుతుంది. లెంజ్ నియమాన్ని కుడిచేతి, ఎడమచేతి వేళ్ల గుర్తుగా మాత్రమే నేర్పడం అన్యాయం. అది శక్తి నిత్యత్వ నియమానికి అయస్కాంత భాషలో ఉన్న రూపం. ప్రేరిత ప్రవాహం వ్యతిరేకించకుండా సాయపడితే, ఒక్కసారి తిప్పి వదిలిన డైనమో తనంతట తానే వేగం పెంచుకుంటూ ఊరంతటికీ ఉచితంగా దీపాలు వెలిగించాలి.

రామగుండంలోని ఆవిరి టర్బైన్లు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. రెండు ధ్రువాల రోటరు, అంటే జనరేటరులో తిరిగే అయస్కాంతం, సెకనుకు 50 చుట్లు తిరిగితే సెకనుకు 50 ఆవర్తనాలు వస్తాయన్నమాట. నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి జల విద్యుత్ కేంద్రాల్లో టర్బైన్లు ఇంతకన్నా చాలా నెమ్మదిగా తిరుగుతాయి కాబట్టి, అవే 50 ఆవర్తనాలు రావడానికి రోటరు మీద ఎక్కువ ధ్రువాలు పెడతారు. మీ విద్యార్థిని ఇస్త్రీ పెట్టె స్విచ్చి వేయగానే స్టేటరు (రోటరు చుట్టూ కదలకుండా ఉండే భాగం) చుట్టల్లో ప్రవాహం అణుమాత్రం పెరుగుతుంది, రోటరు మీద వెనక్కి లాగే బలం ఆ మేరకు పెరుగుతుంది. తొలి క్షణంలో ఆ అదనపు శక్తి, తిరుగుతున్న రోటర్ల గతిజ శక్తి నుంచే వస్తుంది, అంటే రోటరు వేగం, దానితో పాటు ఫ్రీక్వెన్సీ (సెకనుకు వచ్చే ఆవర్తనాల సంఖ్య) రవ్వంత తగ్గుతాయి. ఆ తగ్గుదలను గవర్నరు అనే నియంత్రణ యంత్రం గమనించి ఆవిరి కవాటాన్నో, నీటి ద్వారాన్నో కాస్త ఎక్కువ తెరుస్తుంది. వార్త మోసుకుపోయే ప్రత్యేకమైన తీగ ఏదీ అవసరం లేదు, ఫ్రీక్వెన్సీయే వార్త.

ఆ భారం ఒక్క యంత్రం మీదే పడదు. దక్షిణాది గ్రిడ్డు, అంటే విద్యుత్ కేంద్రాలనూ ఊళ్లనూ కలిపే లైన్ల వల, 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైనుతో మిగిలిన దేశపు గ్రిడ్డుకు అనుసంధానమైంది. అప్పటి నుంచి దేశంలో గ్రిడ్డుకు కలిసిన జనరేటర్లన్నీ ఒకే ఫ్రీక్వెన్సీతో, అడుగులో అడుగు వేసినట్లు తిరుగుతున్నాయి. దేశంలో గరిష్ఠ డిమాండు 2024 మే నెలలో 250 గిగావాట్లకు చేరింది, అంటే 25 కోట్ల కిలోవాట్లు. దానిలో ఒక కిలోవాటు ఇస్త్రీ పెట్టె వాటా 25 కోట్లలో ఒకటి. అందుకే మనకు ఏ తేడా కనిపించదు, కానీ లెక్కలో అది ఉంటుంది. సౌర ఫలకాలకు తిరిగే భాగం లేదు కాబట్టి ఈ తొలి క్షణపు సాయం వాటి నుంచి సహజంగా రాదు, వాటి విద్యుత్తును ఏకాంతర ప్రవాహంగా మార్చే ఇన్వర్టర్ల నియంత్రణతో ఆ లోటు పూడ్చవలసి వస్తోంది. అది మరో పెద్ద చర్చ.

అధ్యాపకుల వారి సైకిలు చైన్ పోలికకు ఒక హద్దు ఉందని కూడా చెప్పాలి. చైన్‌లో శక్తి చైన్ గుండానే పోతుంది. విద్యుత్ వలయంలో శక్తి తీగ లోపలి నుంచి కాక, తీగల చుట్టూ ఉన్న విద్యుత్, అయస్కాంత క్షేత్రాల గుండా ప్రయాణిస్తుందని పాయింటింగ్ అనే శాస్త్రవేత్త 1884లో చూపించాడు. తీగ దానికి దారి చూపిస్తుంది.

ఇక మీటరు. గుండ్రంగా తిరిగే బిళ్ల ఉన్న పాత మీటరు మీ బడిలో ఎక్కడైనా పనికిరాక పడి ఉంటే తెచ్చి విప్పి చూపించండి, రెండు అధ్యాయాలూ అందులోనే ఉన్నాయి. ఆ బిళ్ల అల్యూమినియంతో చేసినది, అయస్కాంతానికి అంటుకోదు. దాని దగ్గర రెండు చుట్టలు ఉంటాయి: సన్నని తీగతో ఎన్నో చుట్లు చుట్టినది వోల్టేజీకి, లావు తీగతో కొద్ది చుట్లు మాత్రమే ఉన్నది ప్రవాహానికి. ఈ రెండింటి మారే క్షేత్రాలు బిళ్లలో ఎడ్డీ ప్రవాహాలను, అంటే సుడుల్లా తిరిగే ప్రవాహాలను, ప్రేరేపిస్తాయి, ఆ ప్రవాహాల మీద క్షేత్రాలు ప్రయోగించే బలం బిళ్లను తిప్పుతుంది. ఆ తిప్పే బలం వోల్టేజీ, ప్రవాహం రెండింటి మీదా ఆధారపడి, ఆ క్షణాన వాడుతున్న సామర్థ్యానికి అనులోమానుపాతంలో ఉంటుంది. బిళ్ల అంచును మరోవైపు ఒక శాశ్వత అయస్కాంతం దవడల మధ్య నుంచి పోనిస్తారు. బిళ్ల ఎంత వేగంగా తిరిగితే అది అంత గట్టిగా ఆపుతుంది. కాబట్టి బిళ్ల వేగం వాట్లను, తిరిగిన మొత్తం చుట్లు యూనిట్లను చెబుతాయి. మీటరు ఆవేశాన్ని లెక్కపెట్టడం లేదు, ప్రవాహాన్ని వోల్టేజీతో గుణించి కాలంతో కూడుతోంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లు ఇదే గుణకారాన్ని చిప్పుతో చేస్తాయి.


అదనపు ప్రశ్న
రాసినవారు: బోరు మోటారు ఉన్న రైతు

చర్చ బాగుంది. మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోవద్దు. వోల్టేజీ తగ్గితే ప్రవాహం కూడా తగ్గాలని మా అబ్బాయి ఓమ్ నియమం చూపిస్తున్నాడు. కానీ లో వోల్టేజీ వచ్చిన రోజునే మా ఊళ్లో మోటార్ల వైండింగులు కాలిపోతాయి. తక్కువ కరెంటు పోయే చోట వైండింగు ఎలా కాలుతుందో దయచేసి చెప్పగలరా?


సమాధానం 4
రాసినవారు: విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు

ముందుగా ఇంజనీరు గారి మాట. క్షేత్రాల గుండా శక్తి ప్రయాణం నిజమే, కానీ పదో తరగతిలో దాన్ని చెబితే తీగ అనవసరమన్న భావం కలుగుతుందేమోనని నా భయం. ట్రాన్స్‌ఫార్మర్ ఉదాహరణ మాత్రం తప్పక చెప్పాలి. ఇనుప కోరు మీదుగా శక్తి దాటడాన్ని అంగీకరించిన పిల్లవాడు ఇంటర్మీడియట్ దాటాక మిగిలినదాన్ని తేలికగా అంగీకరిస్తాడు.

రైతు సోదరులకు: మీ అబ్బాయి చెప్పినది ఇస్త్రీ పెట్టెకు సరిపోతుంది. దాని నిరోధం సుమారు 53 ఓములు కాబట్టి 230కి బదులు 180 వోల్టులే వస్తే ప్రవాహం 4.35 నుంచి 3.4 ఆంపియర్లకు తగ్గి, వేడి 612 వాట్లకు పడిపోతుంది. పెట్టె సరిగా కాలదు, అంతే. మోటారు అలా కాదు, అది తిరుగుతున్నది కాబట్టి ఫారడే, లెంజ్ దానిలో కూడా ఉన్నారు. మోటారులో తిరిగే అయస్కాంత క్షేత్రం స్టేటరు చుట్టల్లో సరఫరాకు ఎదురు నిలిచే విద్యుచ్చాలక బలాన్ని పుట్టిస్తుంది. సరఫరా వోల్టేజీలో చాలా భాగాన్ని ఆ ఎదురు బలమే నిలువరిస్తుంది. మోటారు తీసుకునే ప్రవాహాన్ని అదుపులో ఉంచేది వైండింగు నిరోధం కన్నా ఎక్కువగా అదే.

మీ బోరు మోటారు ఇండక్షన్ మోటారు. దానిలో రోటరు తిరిగే క్షేత్రం కన్నా కాస్త వెనకబడి తిరుగుతుంది. ఆ వెనకబాటు వల్లనే రోటరులో ప్రవాహం ప్రేరితమై తిప్పే బలం పుడుతుంది. తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. మోటారుకు రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు రావలసిన చోట 340 వస్తే, అదే వెనకబాటు వద్ద తిప్పే బలం మూడింట రెండు వంతులకు పడిపోతుంది. బోరులోని నీటి బరువు మాత్రం తగ్గలేదు. ఆ బరువును ఎత్తడానికి రోటరు ఇంకా వెనకబడుతుంది, వెనకబడిన కొద్దీ దానిలో ప్రేరిత ప్రవాహం పెరుగుతుంది, దాన్ని భరించడానికి స్టేటరు లైను నుంచి మామూలు కన్నా ఎక్కువ ప్రవాహం లాగుతుంది. వైండింగులో వేడి ప్రవాహ వర్గంతో పెరుగుతుంది కాబట్టి ప్రవాహం 20 శాతం పెరిగితే వేడి 44 శాతం పెరుగుతుంది. వోల్టేజీ మరీ పడిపోయి మోటారు తిరగలేక నిలిచిపోతే ప్రవాహం మామూలుకు ఎన్నో రెట్లవుతుంది, అప్పుడు నిమిషాల్లోనే ఇన్సులేషన్ మాడిపోవచ్చు. మీరు వాసన పట్టేది దాన్నే.

అంటే మోటారు దగ్గర ఓమ్ నియమం తప్పిందని కాదు. బయటి వోల్టేజీని మాత్రమే చూసి, లోపల పుట్టే ఎదురు వోల్టేజీని లెక్కలోకి తీసుకోకపోతే అలా కనిపిస్తుంది. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలేను (ప్రవాహం మితిమీరితే మోటారును ఆపేసే స్విచ్చిని) మోటారు పలక మీద రాసిన ఆంపియర్లకు సరిపడా అమర్చి ఉంచండి. అది మాటిమాటికీ పడిపోతోందని దాని సెట్టింగు పెంచేయడం, లేదా దాన్ని కట్టేసి నడపడం వల్లనే చాలా మోటార్లు కాలుతుంటాయి.


సమాధానం 5
రాసినవారు: లైసెన్సు గల ఎలక్ట్రీషియన్

టీచరు గారికి పిల్లలతో చేయించదగిన ఒక పని చెప్పడం మరిచాను. ఎలక్ట్రానిక్ మీటర్ల మీద ఎర్రగా మిణుకుమనే చిన్న ఎల్‌ఈడీ దీపం ఉంటుంది, దాని పక్కన యూనిట్‌కు ఎన్ని మిణుకులో ముద్రించి ఉంటుంది. అది 3200 అనుకోండి. 36 లక్షల జౌళ్లను 3200తో భాగిస్తే ఒక్కో మిణుకు 1125 జౌళ్లు. ఇంట్లో మిగిలినవన్నీ ఆపి, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఒక్కటే పెడితే సెకనుకు కాస్త ఎక్కువ వ్యవధిలో, కచ్చితంగా చెప్పాలంటే 1.125 సెకన్లకొకసారి దీపం మిణుకుమనాలి. పెట్టె బాగా వేడెక్కాక థర్మోస్టాట్ దాన్ని ఆపేస్తుంది, అప్పుడు మిణుకులు ఆగిపోతాయి, కాబట్టి వేడెక్కుతున్నప్పుడే లెక్కపెట్టాలి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కటే ఉంచితే రెండు నిమిషాల అయిదు సెకన్లు ఎదురుచూస్తే గాని ఒక మిణుకు రాదు.

లెక్కకూ కంటికీ తేడా వస్తే, ఇంట్లో ఫ్రిజ్ గాని, ఆపకుండా వదిలేసిన టీవీ సెట్‌టాప్ బాక్సు గాని నడుస్తోందేమో చూడమనండి. పిల్లలు మీటరు పెట్టెను ముట్టుకోకుండా, పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని, దూరం నుంచే చూడాలి.